ఆపరేటర్ నుంచి జవాబు రాలేదు

మా ఇల్లు బేగంబజార్‌లో ఇత్తడి సామాన్ల దుకాణం మీద ఉంటుంది. కింద తమ్ముడి దుకాణం, పైన మేము. మెట్ల మీద కూడా బిందెలు, గుండిగలు పేర్చి ఉంటాయి కాబట్టి కొత్తగా వచ్చినవాళ్ళు ఒళ్ళు దగ్గర పెట్టుకుని పక్కకు తిరిగి ఎక్కాల్సిందే. ఒక రిటైర్డ్ కల్నల్ గారు మాత్రం మొదటిసారి వచ్చినరోజే దేనికీ తగలకుండా, చప్పుడు లేకుండా పైకి వచ్చేశారు. డెబ్బై దాటిన మనిషి. "అక్కా, నీ కోసం ఎవరో మిలిటరీ సార్ వస్తున్నడు" అని తమ్ముడు కింది నుంచి కేక వేసేసరికే ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు.

నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి అప్పటికి రిటైరయ్యాను. ఎప్పుడో పరిశోధన కోసం, పాతకాలంలో మా బజారు వర్తకులు సైన్యాలకు ధాన్యం, నెయ్యి, గుర్రాల దాణా ఎలా అందించేవారో ఒక పుస్తకం రాశాను. దాన్ని నా విద్యార్థులు కూడా చదవలేదు. ఆయన చదివారు.

"యుద్ధం గురించి రాసేటోళ్ళు మస్తుమంది దొరుకుతరు మేడం" అన్నారు టీ కప్పు చేతిలో పట్టుకుని. "ధైర్యం, త్యాగం అని పేజీలు నింపుతరు. పైకి నీళ్ళు ఎవరు మోసిన్రు అని అడిగేటోళ్ళు దొరకరు. మీరు అడుగుతరు అనిపించింది."

ఆయన వయసులో ఉన్నప్పుడు ఒక బెటాలియన్‌లో కంపెనీ కమాండర్. ఆ బెటాలియన్ ఉత్తర సరిహద్దులో ఒక కొండను మూడు రోజులు పోరాడి పట్టుకుంది. పట్టుకోవడానికి చాలామందిని పోగొట్టుకుంది. మిగిలినవాళ్ళు ముసలివాళ్ళవుతున్నారు, ఆ మూడు రోజుల చరిత్ర ఇంగ్లీషులో సరిగ్గా రాయించి పెట్టుకుందామని వాళ్ళంతా అనుకున్నారట. కాగితాలన్నీ ఇస్తామన్నారు, మనుషుల్ని కలిపిస్తామన్నారు. ఆయన చెప్పడం పూర్తి కాకముందే నేను ఒప్పుకున్నాను. పొగడ్తకు లొంగిపోయానని అప్పుడు తెలియలేదు.

వారం తిరక్కుండా రెండు రేకు పెట్టెలు వచ్చాయి. బెటాలియన్ రోజూ రాసుకునే వార్ డైరీ, పంపిన ఆజ్ఞల నకళ్ళు, చేత్తో గీసిన పటాలు, గాయపడినవాళ్ళ జాబితాలు, చనిపోయినవాళ్ళ జేబుల్లో, సంచుల్లో దొరికిన వస్తువుల జాబితాలు. నేను ముందు డైరీ పట్టుకున్నాను. ఎంత స్పష్టంగా ఉందో! ఫలానా గంటకు ఫలానా కంపెనీ బయలుదేరింది, ఫలానా గంటకు చేరింది. చదువుతుంటే ఆ కొండ మీద అందరూ ఒకే గడియారం చూసుకుంటూ నడిచినట్టుంది. ఆ మాటే కల్నల్ గారితో అంటే ఆయన నవ్వారు.

"అది రాసింది కొండ కింద మేడం, అంత అయిపోయినంక రెండ్రోజులకు. పైన మాకు టైమెంతో కూడ తెల్వదు. గడియారం చూడాలంటె గ్లవ్ తియ్యాలె. తీస్తె వేళ్ళు పోతయి."

ఆ రోజు నా నోటుపుస్తకంలో రాసుకున్నాను: డైరీలో ఉన్న సమయాలు తర్వాత వచ్చి కూర్చున్నవి. అలాంటి మాటలు ఆ పుస్తకంలో చాలా రాసుకున్నాను. ఒక సైనిక చర్య గురించి మంచి చరిత్ర రాయడం ఎలాగో నేర్చుకుంటున్నానని నాకు లోలోపల గర్వంగా ఉండేది.

పటం మీద గీతలు చూసి కొండను ఊహించుకోవడం నా వల్ల కాలేదు. ఒక ఆదివారం దుకాణం మూసి ఉన్నప్పుడు కల్నల్ గారు, నేను, తమ్ముడు కలిసి డాబా మీద ఆ కొండను కట్టాం. పెద్ద గుండిగను బోర్లించి శిఖరం అన్నాం. దానికి ఎడమవైపు బగోనెలు వరసగా బోర్లించి ఒక సానువు, కుడివైపు మరో సానువు. మనుషులకు బదులు చెంబులు. తమ్ముడికి సరదా పుట్టి ఇంకా ఎత్తు కావాలా, ఇంకో బిందె తెమ్మంటారా అని కిందికీ పైకీ తిరిగాడు. అంతా అయ్యాక కల్నల్ గారు నన్ను నేల మీద కూర్చోమన్నారు. కూర్చుంటే చాలదన్నారు. చెంప నేలకు ఆనించి, ఎడమవైపు చెంబు ఉన్నచోట కన్ను పెట్టి చూడమన్నారు.

"కుడిదిక్కు చెంబు కనపడుతున్నదా?"

"లేదు."

"మాకు కూడ కనపడలే. మీరు ఇందాక నిలబడి చూసినట్టు ఆ కొండను ఆ రోజు ఎవ్వరు చూడలే మేడం. మా బెటాలియన్ పెద్ద సీవో సాబ్ కూడ."

ఎండకు కాగిన డాబా మీద చెంప పెట్టి పడుకున్న ఆ క్షణమే నేను నేర్చుకున్న అసలు పాఠం. రాసేవాడు నిలబడి చూస్తాడు, అన్నీ కనిపిస్తాయి. అక్కడున్నవాళ్ళకు ముందున్న రాయి తప్ప కనిపించదు. ఏ గంటకు ఏం జరిగిందో చెప్పడం తేలిక. ఆ గంటకు ఎవరికి ఏం తెలియదో చెప్పాలి. అది చెప్పకపోతే జరిగిన ప్రతి తప్పూ ఎవరో ఒకరి చేతగానితనంలా, పిరికితనంలా కనిపిస్తుంది. ఇది కూడా నోటుపుస్తకంలో రాసుకున్నాను, కింద రెండు గీతలు గీశాను.

రెండో రోజు ఉదయం సంగతి రాయాల్సి వచ్చేసరికి చిక్కు వచ్చింది. ఆ పొద్దున మంచు బాగా కమ్మింది. ఒక ప్లాటూన్ ఎడమ సానువు మీదుగా ముందుకు ఎక్కింది. కుడివైపు నుంచి ఇంకో దళం వచ్చి కలవాలి. కుడివైపు వాళ్ళు మధ్యలోనే చిక్కుకుపోయారు. దాంతో ఎడమవైపు ప్లాటూన్‌ను వెనక్కి రమ్మని కింది నుంచి వైర్‌లెస్‌లో ఆజ్ఞ ఇచ్చారు. ఆ ఆజ్ఞ వాళ్ళకు అందలేదు. వాళ్ళు ఒంటరిగా ఎక్కుతూనే పోయారు. మంచు విడిపోయేసరికి చెట్టూ చాటూ లేని చోట ఉన్నారు. పైకి వెళ్ళినవాళ్ళలో కిందికి నడిచి వచ్చినవాళ్ళు కొద్దిమందే.

డైరీలో దీని గురించి రెండే వాక్యాలు: 'ముందున్న ప్లాటూన్‌ను పదేపదే పిలిచాం. ఆపరేటర్ నుంచి జవాబు రాలేదు.'

ఆ వైర్‌లెస్ ఆపరేటర్ ఏమయ్యాడని కల్నల్ గారిని అడిగాను.

"ఉన్నడు. మన దగ్గరోడే, జల్‌పల్లిల ఉంటడు. కాని మీటింగులకు రాడు, ఎవ్వరితోని కలువడు." చేతిలోని పటం మడిచి పక్కన పెట్టారు. "సెట్ ఇడిచిపెట్టి ఎక్కడనో దాక్కున్నడని అప్పట్ల అనుకున్నరు."

"విచారణ జరిగిందా?"

"లేదు మేడం. ఎవ్వరు ఏమనలే. ఎవ్వరు ఏం అడుగలే కూడ."

నేను చార్మినార్ దాకా నడిచి, అక్కడ షేర్ ఆటో ఎక్కి జల్‌పల్లి వెళ్ళాను. సగం కట్టిన ఇళ్ళ మధ్య చిన్న స్థలంలో రెండు గదుల ఇల్లు. ముందుగదిలోనే మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే దుకాణం. ఆయనకు అరవై దాటి ఉంటాయి. దళసరి కళ్ళద్దాలు. విప్పిన మిక్సీ మీదికి వంగి, దాదాపు ముక్కుతో తాకుతూ పనిచేస్తున్నారు. నేను ఎందుకొచ్చానో చెబితే తల ఎత్తకుండానే "ఏం గుర్తులేదు మేడం" అన్నారు. టీ మాత్రం ఇప్పించారు.

రెండోసారి వెళ్ళినప్పుడు, "కాగితాలల్ల ఏం రాసిన్రు?" అని అడిగారు. డైరీలోని రెండు వాక్యాలు చదివాను. ఆయన స్క్రూ తిప్పుతూనే ఉన్నారు. తిరిగి వస్తుంటే ఆయన భార్య గేటు దాకా వచ్చింది. "ఇన్నేండ్లల్ల గీ ముచ్చట ఆయనను అడిగింది మీరొక్కరే అమ్మా. మళ్ళ రాండ్రి" అంది.

మూడోసారి ఆయన పని పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, నా ఎదురుగా కుర్చీ వేసుకున్నారు.

"వైర్‌లెస్‌ల ఏ ఫ్రీక్వెన్సీ పట్టాలో ఆ నంబర్ రోజు మారుతది మేడం. దుష్మన్ ఇంటడు గద, అందుకని. రేపటి నంబర్ గాలిల చెప్పొద్దు. చీటీ మీద రాసి మనిషితోని పంపుతరు. మొదటి దినం సాయంత్రం లెఫ్టినెంట్ సాబ్ చీటీ తెస్తడన్నరు. సూసినం, సూసినం, రాలే. ఆయనను నడుమనే కుడిదిక్కు పంపిన్రంట. నాకేం తెలుసు? పొద్దున నా దగ్గర పాత నంబరే ఉన్నది. దాని మీదనే పిలుస్తున్న. వాళ్ళు కొత్త నంబర్ మీద నన్ను పిలుస్తున్నరు. రెండు దిక్కుల పిలుసుడే మేడం. ఇనేటోళ్ళు లేరు."

నేను పెన్ను కదపలేకపోయాను.

"బ్యాటరీ అయిపోయేదాక పిలిచిన. నా పక్కన మావోడు పడ్డడు. గప్పుడు సుత సెట్ ఇడువలే. ఇడిచిపెట్టిండని అన్నరంట. ఎవరన్నరు? నన్ను అడిగిన్రా?"

ఆ లెఫ్టినెంట్ ఆ రెండో రోజే కుడివైపు చనిపోయాడు. ఇరవై నాలుగేళ్ళ కుర్రవాడు. అతని గురించి నేను అప్పటికే ఒక పేజీ రాశాను, పుస్తకంలో అందరికీ నచ్చే పేజీ అది. అతని వస్తువుల జాబితా చూసే రాశాను: చేతిగడియారం, దువ్వెన, సగం రాసిన ఉత్తరం. ఇంటికి రాగానే రేకు పెట్టెలోంచి ఆ జాబితా మళ్ళీ తీశాను. చివరి వరసలో ఉంది: 'అంకెలు రాసిన చిన్న కాగితం, ఒకటి.' నేను దాన్ని ముందే చూశాను. చదివేవాళ్ళ గుండెను తాకే వస్తువు కాదని వదిలేశాను.

మర్నాడు కల్నల్ గారికి ఆ వరస చూపించి, ఆపరేటర్ చెప్పిందంతా చెప్పాను.

"అంకెలంటె ఏమైనా కావచ్చు మేడం. పేకాట స్కోర్ కావచ్చు."

"కావచ్చు. వైర్‌లెస్ నంబర్ కూడా కావచ్చు కదా."

"ఆ లెఫ్టినెంట్ అక్క పుస్తకం రిలీజ్‌కు వస్తున్నది. ముందు కుర్చీ ఆమెదే. ఇన్నేండ్ల నుంచి తమ్ముని ఫోటో ముందు దీపం పెడుతున్నది. ఆమె చేతుల పుస్తకం పెట్టి, అమ్మా, మీ తమ్ముడు జేబుల చీటీ ఇయ్యనందుకే ఇంతమంది పోయిన్రు అని చెప్తమా? చనిపోయినోడు వచ్చి జవాబు చెప్పుకోలేడు గద."

"బతికున్నాయన సంగతేంటి?"

"ఆయన పేరు వెయ్యం. ఒక్క చెడ్డ మాట రాయం. ఇంక ఏం కావాలె?"

ఆయన చెడ్డ మనిషి కాదు. ఆ మాటలు అంటున్నప్పుడు కళ్ళు చెమర్చాయి. తన కింద పనిచేసిన కుర్రవాడిని రెండోసారి చంపలేనన్నట్టు మాట్లాడారు. నేను ఎదురు చెప్పాల్సింది. చెప్పడానికి నా దగ్గర మాటలు లేకపోలేదు. ఆ పేజీ ఎలా ఉండాలో నోటుపుస్తకంలో రాసి పెట్టుకునే ఉన్నాను. ఆపరేటర్ ఇలా చెబుతున్నాడు, వస్తువుల జాబితాలో ఇలా ఉంది, ఆ కాగితం మీది అంకెలేమిటో మనకు తెలియదు. అంతే, నాలుగు వాక్యాలు. ఎవరినీ నిందించవు, ఎవరినీ దాచవు. తెలియనిది తెలియదని రాయడం చరిత్రకారుడికి అవమానం కాదని ముప్పై ఏళ్ళు పిల్లలకు చెప్పినదాన్ని.

కానీ ప్రెస్సు వాళ్ళు తొందరపెడుతున్నారు. హాలు ఖాయం చేశారు. నాకు కూడా లొల్లి వద్దనిపించింది. అసలు నిజం ఇంకోటి ఉంది: ఆ పుస్తకం అందంగా వచ్చింది, దాన్ని పాడుచేసుకోవడం నాకు ఇష్టం లేదు. ఇంగ్లీషులో ఇలా రాశాను: 'ఆ ఉదయం ముందున్న ప్లాటూన్‌తో సంబంధం తెగిపోయింది. ఆపరేటర్ నుంచి జవాబు రాలేదు.'

ఇందులో అబద్ధం ఏదని నన్ను నేను అడిగి చూసుకున్నాను. ఒక్క పదం కూడా అబద్ధం కాదు. సంబంధం తెగింది నిజం. జవాబు రాలేదు, అదీ నిజమే. ఎవరు తెంపారో, ఎందుకు రాలేదో చెప్పని వాక్యం చదివేవాడి చేత మిగతాది ఊహింపజేస్తుంది. డైరీ ఇన్నాళ్ళూ చేసిన పనే అది. ఆ పని నేను అట్ట వేసి, రంగుల పటాలు చేర్చి చేశాను.

ఆవిష్కరణ రోజు ఆయన వచ్చారు. పాత సైనికులందరికీ పంపినట్టే ఆయనకూ కార్డు వెళ్ళింది. ఇన్నేళ్ళలో వాళ్ళ కూటానికి రావడం అదే మొదలని ఎవరో అన్నారు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, మెడ వరకు గుండీలు. పక్కన భార్య, పట్టుచీరలో. సభ అయ్యాక జనం పలచబడ్డాక నా దగ్గరికి వచ్చి పుస్తకం చేతికిచ్చారు.

"కండ్లల్ల పొర వచ్చింది మేడం. వచ్చే నెల ఆపరేషన్. చిన్న అక్షరాలు కానొస్తలేవు. మన ముచ్చట ఏ పేజీల ఉన్నదో జెర సదివి చెప్పండ్రి."

నేను పేజీ తిప్పాను. ఆ రెండు వాక్యాలు ఎదురుగా ఉన్నాయి. ఇద్దరూ నా నోటి వంక చూస్తున్నారు. 'ఇందులో అది రాయలేదు' అని చెప్పడానికి అదే సమయం. నా నోట్లోంచి వచ్చినవి మాత్రం వేరే మాటలు.

"'ముందున్న ప్లాటూన్ ఆపరేటర్‌కు కొత్త నంబర్ అందలేదు. ఆయన పాత నంబర్ మీదే, బ్యాటరీ అయిపోయేవరకు పిలుస్తూనే ఉన్నాడు. పక్కనున్న మనిషి పడిపోయినా సెట్ వదల్లేదు.' ఇట్లా ఉంది" అన్నాను.

నోటుపుస్తకంలో ఉన్నదే చెప్పాను, అచ్చులోని ఇంగ్లీషును తెలుగులో చదివి చెబుతున్నట్టు. ఆయన పుస్తకం తీసుకుని కళ్ళకద్దుకున్నారు. ఆయన భార్య నా రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు. "గా పేజీ కొస మడిచి పెట్టండ్రి మేడం, ఆపరేషన్ అయినంక నేనే సదువుకుంట, మిలిటరీల నేర్సుకున్న ఇంగ్లీష్ సాలు" అన్నారాయన. ఆ మాట విన్నాక కూడా నేను చెప్పలేదు. కొస మడిచి ఇచ్చాను. కల్నల్ గారు రెండడుగుల దూరంలోనే నిలబడి ఉన్నారు. అంతా విన్నారు. నా వైపు ఒకసారి చూసి, వేరేవాళ్ళతో మాట్లాడటానికి వెళ్ళిపోయారు.

ఎందుకలా చేశానని చాలాసార్లు ఆలోచించాను. ఆ క్షణంలో జాలి అనుకున్నాను. జాలి కాదు. ఆ రెండు ముఖాలు నా ముందు చిన్నబోవడం చూసే ధైర్యం లేకపోయింది.

ఆ తర్వాత రెండు నెలలు ఫోన్ మోగితే ఉలిక్కిపడేదాన్ని. ఒకరోజు పొద్దున డాబా మీద బియ్యం ఏరుతుండగా మోగింది.

"మేడం, నేను జల్‌పల్లికెళ్ళి మాట్లాడుతున్న." గొంతు ఉత్సాహంగానే ఉంది. "ఆపరేషన్ మంచిగయింది. కొత్త అద్దాలిచ్చిన్రు. మీరు గా దినం సదివిన పేజీ ఏ పేజీ? కొస మడిచింది గిది కాదనుకుంట."

బియ్యం చాట పక్కన పెట్టాను.

"మొదటికెళ్ళి కొసదాక సూసిన మేడం. పుస్తకం మొత్తం. ఎక్కడ లేదు."

"లేదు" అన్నాను.

"లేదా?"

"నేను రాయలేదు."

"మరి గా దినం ఏం సదివిన్రు?"

"రాయాల్సింది చదివాను" అన్నాను. ఆ మాట నాకే ఎంత హీనంగా వినిపించిందో చెప్పలేను.

 "మంచిది మేడం" అని పెట్టేశారు.

తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. మూడో రోజు జల్‌పల్లి వెళ్ళాను. దుకాణం తలుపు వేసి ఉంది. ఆయన భార్య గేటు తీయకుండానే, "ఆయన లేడమ్మా" అంది. లోపల మోటారు తిప్పి చూస్తున్న చప్పుడు మా ఇద్దరికీ వినబడుతూనే ఉంది. నేను కదలకుండా నిలబడి ఉండడం చూసి మళ్ళీ అంది.

"రాయకపోతె రాయకపోతిరి. లేనిది ఉన్నట్టు ఎందుకు సదివిన్రు? ఫోన్ల మీద ఫోన్లు చేసి అందరికి చెప్పుకునె. పుస్తకంల నా ముచ్చట వచ్చిందని. ఇప్పుడు వాళ్ళకు ఏమని చెప్తడు?"

ఇంటికొచ్చి ఆ రోజే రాయడం మొదలుపెట్టాను. రెండు పేజీలు వచ్చింది. ఆపరేటర్ చెప్పింది, జాబితాలో ఉన్నది, తెలియనిది, అన్నీ పెట్టాను. ఇవన్నీ పుస్తకం అచ్చుకు వెళ్ళకముందే నాకు తెలుసని, తెలిసీ వదిలేశానని కూడా రాశాను. కల్నల్ గారికి తీసుకెళ్ళి ఇచ్చి, ఇది పుస్తకం అందుకున్న ప్రతివారికీ చేరాలని అడిగాను. ఆయన ఈసారి వాదించలేదు. హాలులో విన్నప్పటి నుంచి ఆయనకూ నిద్ర పట్టడం లేదట. "ముందుగాల అక్కకు చూపిద్దాం" అని మాత్రం అన్నారు.

ఇద్దరం కలిసి ఆ లెఫ్టినెంట్ అక్కగారింటికి వెళ్ళాం. ఊరికి అటుపక్క చిన్న ఫ్లాటు. ఆవిడ బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. రెండు పేజీలూ రెండుసార్లు చదివారు. మేం ఆవిడ ముఖం చూడలేక గోడ మీది ఫోటో చూస్తూ కూర్చున్నాం.

"వాడు బడికి టిఫిన్ డబ్బా కూడా మర్చిపోయేవాడు" అన్నారు చివరికి. "నేనే వెనక పరిగెత్తేదాన్ని."

లేచి లోపలికి వెళ్ళి ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చారు. గడియారం, దువ్వెన, ఉత్తరం. వాటి కింద నాలుగు మడతల్లో ఒక చిన్న కాగితం. "ఎవరిదో ఫోన్ నంబర్ అనుకున్నాను. ఎవరైనా అమ్మాయిదేమో అని ఉంచాను" అన్నారు. కల్నల్ గారు దాన్ని విప్పి వెలుతురుకు పట్టుకున్నారు. రెండు వరసల అంకెలు. వేలితో ఒక్కో అంకె చూసుకుంటూ పోయారు.

"ఇవి అవే, వైర్‌లెస్ నంబర్లు మేం ఇట్లనే రాసేది" అన్నారు.

ఆవిడ మా ఇద్దరి వంకా చూశారు. "ఆ ఆపరేటర్ ఇన్నేళ్ళూ ఈ నింద మోస్తున్నాడా? మీరు నన్నెందుకు అడగలేదు?"

 ఆవిడ తట్టుకోలేరని మేమే నిర్ణయించేశాం. ఆ కాగితం బిస్కెట్ల డబ్బాలో, అడిగితే దొరికేంత దూరంలో ఉంది. నేను పెట్టెల్లో కాగితాలు వెతికాను, పటాలు వెతికాను, డాబా మీద కొండను కట్టాను. గంట ప్రయాణంలో ఉన్న మనిషిని ఒక్క మాట అడగలేదు.

నా రెండు పేజీలకు కల్నల్ గారు తన సంతకంతో ఒక ఉత్తరం జోడించి, పుస్తకం వెళ్ళిన చోటికల్లా పంపించారు. కొందరు దాన్ని పుస్తకంలో అతికించామని రాశారు. ఒక పెద్ద అధికారి ఫోన్ చేసి, పోయినవాళ్ళ మీద బురద చల్లుతున్నారని తిట్టారట. ఎక్కువమంది ఏమీ అనలేదు.

జల్‌పల్లికి నేనూ, కల్నల్ గారూ కలిసే వెళ్ళాం. ఆయన్ను చూసి ఆపరేటర్ గారు అప్రయత్నంగా లేచి, కాళ్ళు జోడించి నిలబడ్డారు. కల్నల్ గారు ఆయన భుజాలు పట్టుకుని కూర్చోబెట్టారు.

"నేను అప్పుడే నిన్ను అడగాల్సింది. అడగలే. తప్పయింది" అన్నారు.

ఆపరేటర్ గారు కాగితాలు తీసుకున్నారు. కొత్త అద్దాలు. వేలు ఒక్కో వరస కింద పెట్టుకుంటూ, మా ఎవరి సాయం లేకుండా, మొత్తం చదివారు. ఒక్కొక్క పదం పెదవుల మీద కదిలింది. నేను తప్పు ఒప్పుకున్న చోట వేలు కొంచెం ఆగింది, మళ్ళీ ముందుకు జరిగింది.

"సరిగున్నది సార్" అన్నారు. కాగితాలు మడిచి, "జెర ఆలస్యమైంది. మా బాపు పోయి ఏడేండ్లాయె. గీ ముచ్చట ఎవరో ఆయన చెవిల ఏసిన్రు. సచ్చేదాక నా మొకం సూసి మాట్లాడలే" అన్నారు.

కల్నల్ గారు తల వంచుకున్నారు. బయలుదేరేటప్పుడు గేటు దగ్గర నేను వెనక్కి తిరిగి, క్షమించమని అడిగాను. అప్పటిదాకా ఆయన నా వైపు చూడలేదు.

"ఇప్పుడు రాసిందాంట్ల తప్పేం లేదు మేడం. మంచిగ రాసిన్రు. కాని గా దినం హాల్‌ల మీరు సదివినప్పుడు నాకు మస్తు ఖుషి అయింది. ఇయ్యాల సొంతంగ సదువుకున్న, గసుంటి ఖుషి కాలే. గది మళ్ళ రాదనుకుంట."

ఇప్పుడు ఆయన పాత సైనికుల కూటాలకు వెళుతున్నారని, కల్నల్ గారు, ఆయన వారానికోసారి ఫోన్‌లో మాట్లాడుకుంటారని విన్నాను. నేను ఎదురుపడితే నమస్కారం పెడతారు, ఇంట్లో అందరూ బాగున్నారా అని అడుగుతారు. నేను రాసింది మొదటి రెండు రోజుల చరిత్రే, మూడో రోజు దాదాపు అంతా డైరీ చూసి నింపిందే. ఆ రోజు కూడా ఆయన కొండ మీదే, బ్యాటరీ లేని సెట్‌తో, పడిపోయిన మనిషి పక్కనే ఉన్నారట. ఆ ఎడమ సానువు మీద ఆ రోజు ఏం జరిగిందో చెప్పగలిగినవాళ్ళలో మిగిలింది ఆయనొక్కరే. ఇంకోసారి వెళ్ళినప్పుడు అడుగుదామని ప్రశ్నలు కూడా రాసి పెట్టుకున్నాను. ఆయన చెప్పరు, అడగడానికి నాకు నోరు రాదు.